అరెకరం చేను, ముప్పై కొబ్బరి చెట్లు: సాగు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

ఈ మధ్య మా వైపు ఊళ్లకి తిరిగొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకరు హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి వస్తారు, ఒకరు రిటైరై వస్తారు, ఇంకొకరు నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే తోట చూసుకోలేకపోతోందని వస్తారు. చేతిలో ఉన్నది ఎకరమో, ఎకరంన్నరో, ఒక్కోసారి అదీ కౌలు భూమే. నెల తిరక్కుండానే అందరూ అడిగేది ఒకటే: "ఎవర్నడిగితే సరిగ్గా చెబుతారు?" చెప్పేవాళ్లకి కొదవేం లేదు, గొడవంతా అక్కడే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, కొత్తగా చేలోకి దిగినవాడు కనిపిస్తే టీ కొట్టు బల్ల మీద కూర్చున్న ప్రతివాడికీ వ్యవసాయం వచ్చేస్తుంది.

నాకున్నది కోనసీమలో ఎకరం. అందులో అరెకరం వరి చేను, మిగతా అరెకరంలో ముప్పై కొబ్బరి చెట్లు, వాటి మధ్యలో అరటి, కాస్త కంద. మొదటి రెండేళ్లూ నేను చేసిన పొరపాటేంటంటే, ఎవరు ఎదురుపడితే వాళ్లని ఏది గుర్తొస్తే అది అడిగేశాను. నీళ్ల సంగతి మెట్టలో పెరిగిన స్నేహితుణ్ణి అడిగాను, తోట సంగతి పురుగుమందుల కొట్టులో అడిగాను, ఎరువుల సంగతి వీడియోల్లో వెతికాను. మూడూ బెడిసికొట్టాయి. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. అడిగిన విషయానికీ అడిగిన మనిషికీ పొంతన లేదు, అంతే. అందుకని ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని కాకుండా, ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో రాస్తున్నాను.

పోల్చేముందు చూసుకోవాల్సినవి

మొదటిది నీళ్లు. డెల్టాలో చేను మన పేరు మీద ఉంటుందే గానీ పూర్తిగా మన చేతిలో ఉండదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఇక్కడి సాగంతా కాలువ మీదే నడుస్తోంది. కాలువలోంచి బోదెలోకి, అంటే పిల్లకాలువలోకి, బోదెలోంచి పై చేలోకి, పై చేలోంచి మన చేలోకి, మన చేలోంచి కింది చేలోకి నీళ్లు వెళ్తాయి. చాలాచోట్ల ఒక్కో కమతానికి విడిగా బోదె ఉండదు. కాబట్టి దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నడం) ఎప్పుడు చేయాలి, ఊడ్పులు ఎప్పుడు, ఎన్ని రోజుల రకం వేయాలి అన్నవి మనం ఒక్కళ్లమే కూర్చుని తేల్చుకునేవి కావు. పై వాళ్లు కోతకొచ్చి నీళ్లు కట్టేసే రోజుకి మన వరి పొట్ట మీద, అంటే వెన్ను ఇంకా లోపలే, ఉంటే ఇక చేసేదేం ఉండదు. సలహా చెప్పేవాడికి ఈ సంగతి తెలుసా లేదా అన్నది నేను అన్నిటికన్నా ముందు చూస్తాను.

రెండోది, పిలిస్తే ఎన్నాళ్లకి వస్తారు. వరిలో సుడిదోమ పడితే వారం ఆగడానికి లేదు, చేను సుడులు సుడులుగా మాడిపోతుంది. తోటలో చాలా సమస్యలకి నెల ఆగినా కొంప మునగదు, ఎర్రముక్కు పురుగు లాంటివి తప్ప.

మూడోది, ఆ సలహా పాటిస్తే డబ్బు ఎవరికి చేరుతుంది. ఇది అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అడక్కపోయినా మనసులో లెక్క వేసుకోవచ్చు.

నాలుగోది, నోటితో చెబుతారా, చేత్తో చేయించి నేర్పుతారా. నారు పీకడం, గట్టు వేయడం, అరటి పిలకని చూసి సూది పిలకా నీటి పిలకా అని చెప్పడం, ఇవి వింటే వచ్చే పనులు కావు.

| ఎవరు | మన నీరు, నేల తెలుసా | ఎంత త్వరగా దొరుకుతారు | వాళ్లకి లాభం ఉందా | దేనికి వెళ్లాలి |
|---|---|---|---|---|
| గట్టు పక్క రైతు, కూలీ మేస్త్రి | మనకన్నా బాగా | ఆ పూటే | లేదు, కానీ నీళ్లు ఉమ్మడి | నీరు, అదును, కూలీలు, చేతిపని |
| రైతు సేవా కేంద్రం | ఊరి మట్టుకు తెలుసు | ఒకట్రెండు రోజులు | లేదు | నమోదు, ఎరువులు, అమ్మకం, కాగితాలు |
| పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు (కేవీకేలు) | స్థానాన్ని బట్టి | మనమే వెళ్లాలి | లేదు | రకం ఎంపిక, తెగులు గుర్తింపు, శిక్షణ |
| ప్రకృతి వ్యవసాయ సిబ్బంది | చాలావరకు తెలుసు | రెండు మూడు రోజులు | లేదు | ఖర్చు తగ్గింపు, పెరడు, నేల |
| మందుల కొట్టు | పంట తెలుసు, చేను చూడరు | వెంటనే | ఉంది | సరుకు కొనడానికి |
| వీడియోలు | తెలియదు | వెంటనే | చెప్పలేం | చూసి ఊహకు రావడానికి |
| డబ్బు కట్టే శిక్షణలు | అరుదుగా | వారాంతాల్లో | ఉంది | పుట్టగొడుగులు, తేనెటీగల్లాంటి వాటికి |

గట్టు పక్క రైతు

మా పై చేను రైతు నాకు వరసకి ఏమీ కాడు, ఊళ్లో అందరం బాబాయ్ అనే పిలుస్తాం. మొదటి సార్వాలో, అంటే వానాకాలం పంటలో, నేను పైపాటు యూరియా చల్లిన మర్నాడు పొద్దున్నే గట్టు మీద నడిచొస్తూ ఆగి, నీళ్లలోకి చూసి అన్నాడు: "అబ్బాయ్, యూరియా ఎవరి చేలో చల్లేవు?" నా చేలోనే బాబాయ్ అన్నాను. ఆయన మాట్లాడకుండా గట్టు దిగి, మోకాలి దాకా పంచె ఎగ్గట్టి, ఒకచోట నీళ్లు సన్నగా తిరుగుతున్న దగ్గర అరచెయ్యి పెట్టాడు. ఎండ్రకాయ బొక్క. రాత్రంతా నా చేలో నీళ్లు అందులోంచి కిందికి జారిపోయాయి, వాటితోపాటే నా యూరియా. గుప్పెడు గడ్డి, గుప్పెడు బురద కలిపి బొక్కలో కుక్కి మడమతో తొక్కి, "కింది చేనాయన నీకు కాఫీ ఇప్పించాలి" అని నవ్వి వెళ్లిపోయాడు. సాయంత్రం మళ్లీ వచ్చి అసలు పద్ధతి చెప్పాడు: ముందు నీళ్లు తీసేయాలి, బురద మీద చల్లాలి, ఒకటిన్నర రెండు రోజులు ఆగి పల్చగా నీళ్లు పెట్టాలి. తర్వాత ఒక శాస్త్రవేత్తని అడిగితే 36 నుంచి 48 గంటలు అన్నారు. అంటే బాబాయ్ లెక్కే.

ఊడ్పులకొచ్చే ఆడవాళ్లని కూడా ఈ లెక్కలోనే వేయండి. నారు కట్ట చేతిలోకి తీసుకోగానే "నారు ముదిరిపోయిందండీ, దుబ్బుకి ఇంకో రెండు ఎక్కువ పెడతాం" అంటారు. నిజంగానే ముదురు నారుకి పిలకలు తక్కువ వస్తాయి, అందుకే కుదురుకి మొక్కలు పెంచుతారు. ఎలుకల సంగతీ అంతే. డెల్టాలో ఎలుక ఒక్క చేనుది కాదు, ఆయకట్టు మొత్తం ఒకేసారి ఎర పెడితేనో బుట్టలు పెట్టించితేనో దారికొస్తుంది. ఆ రోజు ఎప్పుడో మీకు చెప్పేది గట్టు పక్క వాళ్లే.

మరి లోపం లేదా అంటే ఉంది. బాబాయ్‌కి రకం మార్చాలంటే ఒళ్లు మండుతుంది. యూరియా ఒక కట్ట ఎక్కువైతే చేను నల్లగా కళకళలాడుతుందని ఇప్పటికీ నమ్ముతాడు, సుడిదోమని పిలిచేది ఆ కళకళే. పక్కవాడు కొట్టాడు కాబట్టి మనమూ కొట్టాలనే లెక్కలో మందు కొడతాడు. నీళ్లకీ అదునుకీ ఆయన మాటే వేదం, మందుకీ ఎరువుకీ ఆయన మాట విని తల ఊపి వచ్చేస్తాను.

ఆయన్ని ఎలా పట్టుకోవాలంటే, టీ కొట్టు దగ్గర ప్రశ్నలేయడం దండగ. పొద్దున ఆరింటికి చేలో ఉండండి. గట్టు చెక్కుతుంటే పక్కన మీరూ పార పట్టుకోండి. నాలుగు రోజులు మీ చేతులు బొబ్బలెక్కడం చూశాక ఆయనే చెప్పడం మొదలెడతాడు.

రైతు సేవా కేంద్రం

2020 మేలో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవే 2024లో రైతు సేవా కేంద్రాలయ్యాయి. ఊరిని బట్టి వ్యవసాయ సహాయకులో, ఉద్యాన సహాయకులో, పశుసంవర్ధక సహాయకులో ఉంటారు. కుర్రాళ్లే, చదువుకున్నవాళ్లు, అడిగితే విసుక్కోకుండా చెబుతారు. కానీ వాళ్లకి సర్వేలు, నమోదులు, మీటింగులు ఎక్కువ. మీ అరెకరం చూడ్డానికి రమ్మంటే "రేపొస్తానండీ" అంటారు. ఆ రేపు ఎప్పుడో తేలేది వాళ్ల పై అధికారి ఫోన్‌ని బట్టి. వాళ్ల తప్పేం లేదందులో.

మరి ఎందుకు వెళ్లాలంటే కాగితాల కోసం. కొత్తవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, నేనూ తీసుకున్నాను. ఏ చేలో ఏ పంట వేశారో రాసుకునే ఈ-పంట నమోదు చేయించుకోకపోతే తుఫానొచ్చి చేను పడిపోయినప్పుడు మీరు పంట వేసినట్టే లెక్కలో ఉండదు. ధాన్యం ప్రభుత్వానికి అమ్మాలన్నా దారి అదే. తేమ 17 శాతం దాటితే తీసుకోరన్న సంగతి నాకు మొదటి సంవత్సరం కళ్లంలో కుప్ప పోసుకున్నాక తెలిసింది, నాలుగు రోజులు రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకుంటూ కూర్చున్నాను. నేల పరీక్షకి మట్టి ఎలా తీయాలో కూడా వీళ్లే చూపిస్తారు: గట్ల పక్కన, చెట్ల కింద వదిలేసి చేలో పలుచోట్ల 'వి' ఆకారంలో గుంట తీసి, అంచు మట్టి గీకి, అంతా కలిపి అరకిలో. వేసవిలో కాలువలు కట్టేసి చేలు ఎండినప్పుడే ఇది చేయించుకోవాలి, జూన్‌లో నీళ్లొచ్చాక బురద తీసుకెళ్తే ఎవరూ తీసుకోరు.

పశువుంటే 1962 నంబరు రాసుకోండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. పంటకి ఫోన్‌లో అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు. కానీ ఫోన్‌లో తెగులు వర్ణించడం మనకి రావాలి కదా. "ఆకులు ఎర్రబడ్డాయండీ" అంటే అవతలివాళ్లు మాత్రం ఏం చెబుతారు, ఎర్రబడ్డానికి పది కారణాలుంటాయి.

పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు

ఇంత దగ్గర్లో ఇన్ని ఉండి కూడా మనవాళ్లు వెళ్లరు, అదేంటో నాకు అర్థం కాదు. వరికి మారుటేరు ఉంది, 1925 నుంచి ఉంది. ఎంటీయూ అని రాసి ఉన్న ప్రతి విత్తనం పుట్టిల్లు అదే. దేశమంతా పాకిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, అక్కడ 1982లో వచ్చిందే. కొబ్బరికి అంబాజీపేట, అరటికీ కందకీ కొవ్వూరు. ఇవి కాక కేవీకేలు: ఉండిలో ఒకటి, తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఒకటి, రాజమండ్రి అవతల కలవచర్లలో ఒకటి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉండి, మారుటేరు, అంబాజీపేట మనలాగే నల్ల బురదలో ఉన్నవి. వెంకటరామన్నగూడెం, కలవచర్ల మెట్ట. అక్కడ కూరగాయల మీదో డ్రిప్ మీదో శిక్షణ బ్రహ్మాండంగా ఉంటుంది, విని వచ్చి కోనసీమ తోటలో అలాగే చేద్దామంటే కుదరదు, మనకి నీళ్లు పెట్టడం కన్నా తీయడం పెద్ద సమస్య. శిక్షణకి వెళ్లేముందు ఆ పంటని ఏ నేలలో చూపిస్తున్నారో అడగండి.

నా తోట కథ చెబుతాను. రెండో ఏడాది కొబ్బరి ఆకులన్నీ మసి పూసినట్టు నల్లబడ్డాయి, కింద అరటి ఆకులు కూడా నల్లగా, ముట్టుకుంటే జిగురు. కంగారుపడి కొట్టుకెళ్లి ఫోటో చూపించాను, మూడు సీసాలు ఇచ్చారు, మనిషిని పెట్టి పవర్ స్ప్రేయర్‌తో కొట్టించాను. పది రోజులు బాగున్నట్టే ఉంది, నెల తిరిగేసరికి ముందుకన్నా ఎక్కువైంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అప్పుడు ఒక మట్ట కోయించి, ఆటోలో అడ్డంగా పెట్టుకుని అంబాజీపేట తీసుకెళ్లాను.

అక్కడి శాస్త్రవేత్త నల్లటి పైభాగం వైపు చూడనే లేదు. ఆకు తిరగేసి, అడుగున తెల్లగా గుండ్రంగా చుట్టలు చుట్టిన మైనం చూపించి భూతద్దం నా చేతికిచ్చారు. సర్పిలాకార తెల్లదోమ, 2016లో మన దేశంలో మొదట తమిళనాడులో కనిపించి ఇక్కడికొచ్చినది. మసి దానికదే తెగులు కాదు, దోమ కార్చిన తేనెలాంటి జిగురు మీద పెరిగిన బూజు. ఆ తర్వాత ఖాళీ డొల్లల్ని చూపించారు. దోమ బయటికొచ్చిన డొల్ల మీద చీలిక ఉంటుందిట, దోమ పిల్లని తినేసి ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ బయటికొస్తే గుండ్రటి కన్నం ఉంటుందిట. "కన్నాలు లెక్కపెట్టండి" అన్నారు. మట్ట మొత్తానికి ఏడు దొరికాయి. "ఇవి మీకు జీతం అడగని కూలీలు, వీటినే మందు కొట్టి చంపేశారు" అన్నారు. నీళ్లని జోరుగా ఆకు అడుగుభాగానికి తగిలేలా కొట్టడం, పసుపు జిగురు అట్టలు, తప్పదనుకుంటే వేపనూనె, అక్కడే పెంచే ఐసేరియా అనే శిలీంధ్రం, ఇంతే వైద్యం. ఏడాది పట్టింది గానీ తోట తేరుకుంది. ఇప్పుడు మట్ట రాలితే నేను ముందు ఆకు తిప్పి కన్నాలు చూస్తాను, ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు.

వీళ్లతో వచ్చే ఇబ్బంది దూరం, టైము. పనిదినాల్లోనే వెళ్లాలి, నమూనా పట్టుకెళ్లాలి. వరికైతే దుబ్బుని వేళ్లతో సహా పీకి తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లండి, ఫోటోలు చాలవు. ఇంకొకటి, వాళ్లు చెప్పేది ఒక్కోసారి మన కూలీల దగ్గర చెల్లదు. ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటారు, సుడిదోమకి అది నిజంగా మంచి విరుగుడు, గాలీ ఎండా మొదళ్ల దాకా వెళ్తాయి. ఎకరానికింత అని గుత్తకి ఊడ్చేవాళ్లకి ఆ తాడు లాగడం చిరాకు. నేను బాటలు తీసినందుకు మనిషికి కొంత ఎక్కువిచ్చి ఒప్పించాను.

ప్రకృతి వ్యవసాయ సిబ్బంది

ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం రైతు సాధికార సంస్థ తరఫున 2016 నుంచి మన రాష్ట్రంలో నడుస్తోంది. ఇందులో నాకు నచ్చింది నేర్పేవాళ్లు కూడా సాగు చేసేవాళ్లే అవడం. జీవామృతం ఎలా కలపాలో కాగితం మీద రాసివ్వరు, మీ డ్రమ్ము దగ్గరే నిలబడి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు పుట్ట మట్టో గట్టు మట్టో వేయించి, కర్రతో తిప్పిస్తారు. ఎకరానికి సరిపోతుంది. సార్వా నీళ్లు రాకముందు నవధాన్యాలు చల్లించి దమ్ములో కలియదున్నించడం కూడా వీళ్లే అలవాటు చేశారు, మా నేల మెత్తబడింది దాంతోనే అనుకుంటున్నాను.

ఇబ్బందులు రెండు. పేడెక్కడ? ఒకప్పుడు ప్రతి సావిట్లోనూ నాలుగు పశువులుండేవి, ఇప్పుడు వీధి మొత్తానికి రెండు గేదెలు. రెండోది మళ్లీ నీళ్లే. పై చేలో కలిపినవన్నీ మన చేలోకొస్తుంటే మన అరెకరం ఎంత ప్రకృతి అవుతుంది? అందుకని నా వరకు తోటలోనూ పెరట్లోనూ పూర్తిగా ఆ పద్ధతి, వరిలో సగం సగం. బోదె మీద నలుగురైదుగురు కలిస్తే లెక్క మారుతుంది, అలా కలిసిన ఊళ్లూ ఉన్నాయి.

మందుల కొట్టు

కొట్టువాళ్లని తిట్టడం ఫ్యాషనైపోయింది గానీ, రాత్రి ఎనిమిదింటికి కూడా దొరికే మనిషి అతనొక్కడే, పైగా అప్పిస్తాడు. కొంతమంది హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ పెట్టిన 'దేశీ' అనే ఏడాది డిప్లొమా చేసినవాళ్లు, తెలిసినవాళ్లే. గోడ మీద ఆ సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. కానీ ఎంత తెలిసినా అతని బియ్యం సీసాల్లోంచే రావాలి. "ఏం కొట్టక్కర్లేదు, వారం ఆగండి" అనే సలహా ఏ కొట్టులోనూ బిల్లు కాదు. చేలో చాలాసార్లు సరైన సలహా అదే.

నేను పెట్టుకున్న పద్ధతి: ఏం కావాలో వేరేచోట తెలుసుకుని, మందు పేరు కాగితం మీద రాసుకుని వెళ్లి, అదొక్కటే అడిగి, బిల్లు తీసుకుని వచ్చేయడం. "దీంతోపాటు ఈ టానిక్ కూడా" అంటే ఇంట్లో ఉందని చెబుతాను. అప్పు మాత్రం పెట్టొద్దు. అప్పున్నప్పుడు ఆ కొట్టులో సరుకు బాగాలేదని వేరే కొట్టుకి వెళ్లడానికి కాళ్లు రావు.

వీడియోలు, డబ్బు కట్టే శిక్షణలు

వీడియోలు చూడండి, తప్పులేదు, డ్రమ్ సీడర్ ఎలా లాగుతారో పది పేజీలు చదివినదానికన్నా రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ మాట్లాడే మనిషి చేను ఎక్కడుందో మాత్రం ముందు వినండి. అనంతపురం రైతు చెప్పే అరటి వేరు, లంకలో అరటి వేరు. "ఎకరానికి ఐదు లక్షలు" అని మొదలయ్యే వీడియో నేనైతే అక్కడే ఆపేస్తాను.

డబ్బు కట్టి రెండు రోజులు ఫామ్‌లో ఉండి నేర్చుకునే శిక్షణలు ఈ మధ్య పెరిగాయి. భోజనం బాగుంటుంది. కొబ్బరికాయ దింపు, వరి, అరటి కోసం వాటికి డబ్బు పెట్టక్కర్లేదు, కేవీకేల్లో దాదాపు ఉచితంగా దొరుకుతాయి.

మీరు ఎవరన్నదాన్ని బట్టి

ఉద్యోగం బయటే ఉండి నెలకోసారి వచ్చేవాళ్లయితే వరి జోలికి పోకండి. నీళ్ల పంట రోజూ మనిషిని అడుగుతుంది. చేను కౌలుకిచ్చేసి, తోట మీ దగ్గర పెట్టుకోండి, మీకు అసలు కావాల్సింది అంబాజీపేట ఒకటి, నమ్మకమైన మేస్త్రి ఒకడు. కౌలుకిచ్చేటప్పుడు ఆ రైతుకి సాగుదారు హక్కు పత్రం మీద సంతకం పెట్టండి. 2019 చట్టం ప్రకారం అది 11 నెలలకే, దానివల్ల మీ భూమి ఎక్కడికీ పోదు. అది లేక అతనికి బ్యాంకు అప్పూ రాదు, నష్టపరిహారమూ రాదు. బదులుగా నాట్లప్పుడూ కోతలప్పుడూ వచ్చి అతని పక్కన పనిచేస్తానని అడగండి, అంతకన్నా మంచి బడి లేదు.

రిటైరై వచ్చినవాళ్లకి టైము ఉంటుంది, ఒంట్లో సత్తువ తక్కువ. వాళ్లకి కేవీకే శిక్షణలు, పెరటి తోట, కొబ్బరిలో అంతర పంటలు సరిపోతాయి. ఒక సంగతి, మాస్టార్లూ బ్యాంకు మేనేజర్లూ చేలో కూడా క్లాసు చెప్పబోతారు, బాబాయ్ లాంటివాళ్లు మర్యాదగా నవ్వి ఊరుకుంటారు, ఆ నవ్వొచ్చిందంటే ఇక మీకేం చెప్పరు.

భూమి లేక కౌలుతో మొదలుపెట్టే కుర్రాళ్లకి మొదటి ఏడాది తప్పు చేసే వీల్లేదు, మక్తా బస్తాలు (కౌలు కింద ఇచ్చే ధాన్యం) ముందే మాట్లాడుకుని ఉంటారు, పంట పండినా ఎండినా ఇవ్వాల్సిందే. నా మాట వింటే ముందు ఒక సార్వా ఒక మంచి రైతు దగ్గర కూలికి చేయండి, నారుమడి నుంచి కుప్పనూర్పు దాకా. కూలీ వస్తుంది, చదువూ వస్తుంది. కౌలు తీసుకున్నాక మొదటి రోజు రైతు సేవా కేంద్రానికి, రెండో రోజు నీటి సంఘం వాళ్ల దగ్గరికీ, కాలువ నీళ్లు వదిలే లస్కరు దగ్గరికీ వెళ్లండి. దాళ్వాలో, అంటే రెండో పంటలో, నీళ్లకి వంతులు పెట్టినప్పుడు మీ బోదెకి ఏ రోజు నీళ్లో ఆ లస్కరుకే తెలుసు.

పెరడు, ఒక గేదె, పది కోళ్లతో మొదలుపెట్టే ఆడవాళ్లకి ప్రకృతి వ్యవసాయ సిబ్బందిని మించినవాళ్లు లేరు, డ్వాక్రా సంఘంలో ఉంటే వాళ్లే ఇంటికొస్తారు.

ఇద్దరు రెండు మాటలు చెబితే

చెబుతారు, తప్పదు. పోయిన దాళ్వాలో నేను శ్రీధృతి, అంటే ఎంటీయూ 1121 వేద్దామన్నాను, మారుటేరులో చెప్పారు. బాబాయ్ 1010 తప్ప వేరేది వద్దన్నాడు. రెండూ దాదాపు 120 రోజులవే కాబట్టి నీళ్లకి తేడా రాదు, నీళ్లకి తేడా రానప్పుడు గొడవ పెట్టుకోవచ్చు. ఇరవై సెంట్లలో నాది, ముప్పై సెంట్లలో ఆయనది వేశాను. కోత రోజున ఆయన నా ఇరవై సెంట్ల గట్టు మీద ఆగి, వెన్ను ఒకటి తుంచి అరచేతిలో నలిపి, గింజ నోట్లో వేసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఈ ఏడాది విత్తనాల కోసం వెళ్తుంటే మాత్రం "నాకూ ఒక బస్తా తే" అన్నాడు. అదే ఆయన 150 రోజుల రకం వద్దంటే నేను మారుమాట్లాడేవాణ్ణి కాదు, అది నీళ్ల సంగతి.

ఇక ఎవర్ని అడిగినా అడక్కపోయినా, ఊళ్లో దిగిన రోజే కొబ్బరికాయలు దింపే మనిషి ఫోన్ నంబరు తీసుకోండి. రెండు నెలలకోసారి చెట్టెక్కేవాళ్లు ఇప్పుడు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు, మీ తోట వాళ్ల వంతులోకి రావడానికే నెల పడుతుంది. తొంభై ఆరు తుఫాను తర్వాత పెట్టిన చెట్లయితే మరీ పొడుగు, ఒక చెట్టెక్కాక మీరు కింద నిలబడి మొవ్వు ఎలా ఉంది, కొమ్ము పురుగు కన్నాలున్నాయా అని అరిచి అడగండి. మీ తోట నెత్తిని రెండు నెలలకోసారి దగ్గర్నుంచి చూసే మనిషి అతనొక్కడే, అడిగితే చెబుతాడు, ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.